మా విశ్వవిద్యాలయం ఎల్‌ఎంఎస్‌ను దివ్యాంగ విద్యార్థులు వాడుకోగలిగేలా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తెలుగుశాఖ_మేడమ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో తెలుగు బోధిస్తున్నాను. రెండు నెలల కిందట మా ఎల్‌ఎంఎస్ (పాఠాలు, క్విజ్‌లు, అసైన్‌మెంట్లు ఆన్‌లైన్‌లో నడిపే వేదిక) సమన్వయ బాధ్యతను కూడా నాకే అప్పగించారు. నాకు సాంకేతిక పరిజ్ఞానం ఎక్కువని కాదు. కరోనా రోజుల్లో మా శాఖలో అందరికంటే ముందు పాఠాలు ఎక్కించింది నేనే కాబట్టి ఆ పని నా మెడకు చుట్టుకుంది. మా వేదిక మూడుల్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. దాని పైరూపాన్ని మాత్రం బయటి సంస్థ ఒకటి మా రంగులకూ మా చిహ్నానికీ తగినట్టు మార్చి ఇచ్చింది.

ఈ సెమిస్టర్‌లో ముగ్గురు విద్యార్థులు నా దగ్గరకు వచ్చారు. మొదటి అమ్మాయి బీఏ రెండో సంవత్సరం చదువుతోంది. పుట్టుకతోనే చూపు లేదు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు, అంటే ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ, ఫోన్‌లో టాక్‌బ్యాక్ వాడుతుంది. నేను ఎంతో శ్రద్ధగా తయారుచేసిన ఛందస్సు పాఠం తెరిస్తే తనకు అర్థంలేని శబ్దాలు తప్ప ఏమీ వినిపించడం లేదని చెప్పింది. రెండో విద్యార్థి ఎంకామ్, వినికిడి లేదు. వీడియో పాఠాలన్నీ తనకు పెదవుల కదలికలేనని, అవి కూడా అధ్యాపకుడు బోర్డు వైపు తిరిగితే కనిపించవని కాగితం మీద రాసి చూపించాడు. మూడో అబ్బాయికి సెరిబ్రల్ పాల్సీ వల్ల మౌస్ పట్టుకోవడం కుదరదు. అరగంట క్విజ్‌లో అతడు ఏడో ప్రశ్న దగ్గర ఉండగానే సమయం అయిపోయి జవాబులు వాటంతట అవే సమర్పితమైపోయాయి.

ఈ సంగతిని పైవారి దృష్టికి తీసుకువెళితే వారు ఆ బయటి సంస్థను అడిగారు. పేజీ మూలన చక్రాల కుర్చీ బొమ్మతో ఒక బటన్ అమరుస్తామని, దాన్ని నొక్కితే అక్షరాలు పెద్దవి కావడం, రంగులు మారడం, పేజీని చదివి వినిపించడం అన్నీ జరిగిపోతాయని, ఇందుకు ఏటా రుసుము చెల్లించాలని ఆ సంస్థ ప్రతిపాదన పంపింది. ‘సమస్య తీరిపోయింది కదా, సంతకం పెట్టండి’ అంటున్నారు. నాకు చెయ్యి రావడం లేదు.

ఆ బటన్‌తో నిజంగా పని జరుగుతుందా? జరగకపోతే, విడిగా నిధులు లేని చోట, ఇద్దరు ల్యాబ్ సహాయకులతో ఏది ముందు చేయాలి? మా దగ్గర ఎనిమిదేళ్ల పాఠ్యసామగ్రి పేరుకుపోయి ఉంది. అందులో సగం స్కాన్ చేసిన చేతిరాత నోట్సు. మిగిలినదానిలో చాలా భాగం అను ఫాంట్లలో టైపు చేసి పీడీఎఫ్‌గా మార్చినది. ‘ముగ్గురి కోసం ఇంత పనా’ అని అడిగే సహోద్యోగులకు ఏమని చెప్పాలో కూడా తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

తెల్లకర్ర

మేడమ్ గారూ, నాకు చూపు లేదు. పీహెచ్‌డీ చేస్తున్నాను, పదకొండేళ్లుగా ఎన్‌వీడీఏతోనే చదువుకుంటున్నాను. మీరు సంతకం పెట్టకపోవడం మంచిదైంది.

అటువంటి బటన్లు పేజీ మీద పైపూతగా వచ్చి కూర్చుంటాయి. చదివి వినిపించే సాధనం నా దగ్గర ముందే ఉంది. దాని వేగం, గొంతు, విరామ చిహ్నాలు పలికే తీరు అన్నీ నాకు అలవాటైన విధంగా అమర్చుకుని ఉంటాను. దాని మీద ఈ బటన్ కూడా మాట్లాడటం మొదలుపెడితే ఇద్దరు ఒకేసారి చెవిలో పాఠం చెప్పినట్టు ఉంటుంది. స్కాన్ చేసిన పేజీలో ఏముందో దానికీ తెలియదు, బొమ్మకు మీరు వివరణ రాయకపోతే దానికీ దిక్కు లేదు. ఏ వెబ్‌సైటునైనా ప్రమాణాలకు సరిపోయేలా చేస్తానని ప్రచారం చేసుకున్న ఇటువంటి ఒక సంస్థ చేత అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో 10 లక్షల డాలర్లు కట్టించింది. ఆ సంగతి మీ ఫైలులో ఒక వాక్యంగా పెట్టండి.

ఇక ఆ అమ్మాయికి ఏమి వినిపిస్తోందో చెబుతాను. చూపు ఉన్నవారు పేజీని ఒక్కసారిగా చూసి కావలసిన చోటికి కళ్లు తిప్పుకుంటారు. మేము శీర్షికల మీదుగా దూకుతాం. ఎన్‌వీడీఏలో హెచ్ మీట నొక్కితే తరువాతి శీర్షికకు, కె నొక్కితే తరువాతి లింకుకు, టి నొక్కితే తరువాతి పట్టికకు వెళతాం. మీరు ‘రెండో యూనిట్’ అన్న మాటను బొద్దు అక్షరాల్లో, పెద్ద సైజులో పెట్టి ఉంటే కంటికి అది శీర్షికే, కానీ ఎన్‌వీడీఏకు అది మామూలు వాక్యం. అప్పుడు ఆ అమ్మాయి పేజీ మొదటి నుంచి చివరి దాకా ఒక్కొక్క వరుసా వింటూ పోవాలి. ఆ దారిలో ‘ఇక్కడ నొక్కండి’ అనే లింకులు ఏడెనిమిది ఉంటే, లింకుల జాబితా తెరిచినప్పుడు ‘ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి’ అని జపం వినిపిస్తుంది తప్ప ఏది దేనికో తేలదు.

స్కాన్ చేసిన పీడీఎఫ్ తెరిస్తే మౌనమే, లేదా ఖాళీ పత్రం అన్న హెచ్చరిక. అను ఫాంట్ల పీడీఎఫ్ అంతకంటే ఘోరం. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం కేవలం వేషం; లోపల కంప్యూటర్ దాచుకున్నది రోమన్ అక్షరాలు, గుర్తుల సంకేతాలు. కంటికి చక్కని తెలుగు కనిపిస్తుంది, స్క్రీన్ రీడర్ మాత్రం లోపల ఉన్న ఆ గుర్తులనే నిజాయితీగా చదువుతుంది. ‘అర్థంలేని శబ్దాలు’ అని ఆ అమ్మాయి చెప్పింది ఇదే అయి ఉండాలి. తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచుకునే యూనికోడ్‌లో టైపు చేసినదైతే ఈ బాధ ఉండదు. అక్కడ కూడా ఒక మెలిక ఉంది: పేజీ భాష ఇంగ్లీషు అని రాసి ఉండి పాఠం తెలుగులో ఉంటే, ఇంగ్లీషు గొంతు కొన్నిసార్లు తెలుగు భాగాన్ని పూర్తిగా దాటేస్తుంది. పేజీ కోడులో భాష తెలుగు అని గుర్తు పెట్టించండి. అప్పుడు గొంతు తనంతట తాను మారుతుంది.

ఛందస్సు పాఠం గురించి ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే నేను బీఏలో అక్కడే దెబ్బతిన్నాను. గురువుకు యూ అక్షరాన్ని, లఘువుకు నిలువు గీతను పద్యపాదం మీద వరుసగా వేస్తారు. స్క్రీన్ రీడర్ మామూలు అమరికలో ఆ నిలువు గీతను చాలాసార్లు పలకకుండానే దాటేస్తుంది. లఘువులన్నీ మాయమై, మిగిలిన గురువులు ‘యూ యూ’ అని వినిపిస్తాయి. పైగా గుర్తుల వరుస ఒకటి, పద్యం వరుస ఇంకొకటి కాబట్టి ఏ గుర్తు ఏ అక్షరానిదో తెలియదు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం, గణాలు భ ర న భ భ ర వ అని నాకు కంఠతా వచ్చు. కానీ నా ముందున్న పాదాన్ని గణవిభజన చేసి చూపమంటే ఆ బొమ్మతో చేయలేకపోయాను. మా మాస్టారు ఒకరు దీన్ని చాలా తేలికగా పరిష్కరించారు. పాదాన్ని గణాలుగా విడగొట్టి, ఒక్కొక్క గణాన్ని ఒక్కొక్క వరుసలో పెట్టి, ‘భ గణం, గురువు లఘువు లఘువు’ అని మాటల్లో రాశారు. ఆ పద్ధతి చూపు ఉన్న నా మిత్రులకు కూడా నచ్చి, వారు బొమ్మను వదిలేసి నా నోట్సే జిరాక్సు తీయించుకున్నారు.

సర్వర్‌గది

మేడమ్ గారికి నమస్కారం. నేను ఒక కళాశాలలో మూడుల్ నిర్వహిస్తాను. నిధులు లేకుండా ఈ వారమే చేయగలిగినవి చెబుతాను.

ఆ అబ్బాయి క్విజ్‌కు పైసా ఖర్చు లేదు. క్విజ్ అమరికల్లో ఒక విద్యార్థికి మాత్రమే వేరే సమయం ఇచ్చే ‘యూజర్ ఓవర్‌రైడ్’ అన్న సదుపాయం ఎప్పటినుంచో ఉంది. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో ఇచ్చిన పరీక్షల మార్గదర్శకాల్లో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం అన్న లెక్క ఉంది. దాని ప్రకారం అరగంట క్విజ్‌కు పది నిమిషాలు కలపాలి. అయితే అది కనీసం మాత్రమే. ఏడో ప్రశ్న దగ్గరే అరగంట గడిచిన అబ్బాయికి పది నిమిషాలు ఏ మూలకు వస్తాయి? అతడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక నమూనా క్విజ్ చేయించి, ఎంత సమయం పడుతుందో చూసి ఇవ్వండి. ఇటువంటివారు నలుగురైదుగురు ఉంటే వారిని ఒక గ్రూపుగా చేసి గ్రూపు ఓవర్‌రైడ్ పెట్టవచ్చు. ప్రతి క్విజ్‌కూ పేర్లు వెతుక్కునే పని తప్పుతుంది. లాగిన్ గడువును కూడా చూసుకోండి. నెమ్మదిగా టైపు చేసేవారు వ్యాసం రాస్తుండగా సెషన్ ముగిసి, రాసినదంతా పోయిన సందర్భాలు నా దగ్గరే రెండు ఉన్నాయి.

తరువాత మౌస్ తీగ పీకేయండి. నేను మాటవరసకు అనడం లేదు, నిజంగానే పీకేసి, ట్యాబ్, ఎంటర్, స్పేస్, బాణం మీటలతో మాత్రమే లాగిన్ అయి, ఒక పాఠం తెరిచి, ఒక అసైన్‌మెంట్ సమర్పించి చూడండి. మీరు ఏ లింకు మీద ఉన్నారో చూపే గీత తెర మీద కనిపిస్తోందా? మూడుల్ అసలు రూపంలో అది ఉంటుంది. అందం కోసం పైరూపం మార్చినవారు ఆ గీతను తీసేయడం నేను తరచుగా చూస్తుంటాను. మూడుల్ మూలరూపాన్ని, వెబ్ పేజీలు దివ్యాంగులకు అందుబాటులో ఉండటానికి అంతర్జాతీయ ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ ప్రకారం పరీక్షించారు. అది చెడేది సాధారణంగా మనం తొడిగిన చొక్కాలోనే. ఒక పరీక్షా సర్వర్‌లో మూడుల్ సొంత థీమ్ (పైరూపం) పెట్టి, అదే పేజీని మీ థీమ్‌తో పోల్చి చూస్తే తప్పు ఎవరిదో అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. తెల్లని నేల మీద లేత బూడిద రంగు అక్షరాలు ఉన్నాయేమో కూడా చూడండి. మామూలు సైజు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య వ్యత్యాసం కనీసం 4.5కు 1 ఉండాలని ఆ ప్రమాణం చెబుతుంది. దాన్ని కొలిచే ఉచిత సాధనాలు ఎన్నో ఉన్నాయి. లాగిన్ పేజీలో వంకర అక్షరాల క్యాప్చా ఉంటే ముందు దాన్ని తీసేయించండి. ఎవరి సాయమూ లేకుండా గుమ్మం దాటలేని ఇంట్లో గదులు ఎంత బాగుండి ఏమి లాభం?

మూడుల్ ఎడిటర్‌లోనే యాక్సెసిబిలిటీ తనిఖీ బటన్ ఉంది. బొమ్మకు వివరణ లేకపోయినా, అక్షరాల రంగు తేలిపోయినా అది ఎత్తిచూపుతుంది. 3.11 వెర్షన్ నుంచి బ్రిక్‌ఫీల్డ్ అనే తనిఖీ పరికరం కూడా కలిసి వస్తోంది. దాన్ని నిర్వాహకుడు ఆన్ చేయాలి. ఇవి బొమ్మకు వివరణ ఉందో లేదో చెబుతాయి కానీ, ఆ వివరణ ‘చిత్రం 1’ అని ఉన్నా సంతృప్తి పడతాయి. కాబట్టి తనిఖీలో అంతా పచ్చగా కనిపించిందని పొంగిపోకండి.

పాత సామగ్రి విషయంలో నాదొక సూచన. చూపు లేని విద్యార్థుల కోసం విడిగా ఒక ఫోల్డర్ పెట్టి, అందులో టెక్స్ట్ ప్రతులు మాత్రం ఉంచితే మీ పని చాలా తగ్గుతుంది.

తెల్లకర్ర

సర్వర్‌గది గారి మాటలన్నీ విలువైనవే కానీ చివరి సూచనతో నేను ఏకీభవించను. విడి ఫోల్డర్ పెట్టిన ప్రతి చోటా మొదటి నెల దాటాక దాన్ని ఎవరూ పట్టించుకోరు. అసలు పేజీలో సిలబస్ మారుతుంది, గడువు తేదీ మారుతుంది, మా ఫోల్డర్‌లో మాత్రం పాత తేదీయే ఉంటుంది. ఒకసారి నేను అసైన్‌మెంట్ గడువు తప్పినది ఆ విధంగానే. అందరికీ ఒకే ప్రతి ఉంచండి, ఆ ప్రతినే బాగుచేయండి.

సర్వర్‌గది

నిజమే. తేదీల సంగతి నాకు తట్టలేదు. ఆ సూచనను వెనక్కి తీసుకుంటున్నాను.

నిశ్శబ్దపాఠం

మా అమ్మానాన్నలు ఇద్దరూ బధిరులు. సంజ్ఞా భాష నాకు ఇంట్లో వచ్చిన భాష. ఇప్పుడు దుబాసీగా పనిచేస్తున్నాను. ఇక్కడ చర్చ అంతా చూపు చుట్టూ తిరుగుతోంది కాబట్టి మీ ఎంకామ్ విద్యార్థి తరఫున నాలుగు మాటలు రాస్తాను.

ముందుగా ఆ అబ్బాయిని ఏ భాషలో హాయిగా చదవగలడో అడగండి. చిన్నప్పటి నుంచి సంజ్ఞా భాషలోనే పెరిగినవారికి తెలుగు, ఇంగ్లీషు రెండూ నేర్చుకున్న భాషలే. భారతీయ సంజ్ఞా భాషకు దాని వ్యాకరణం దానికి ఉంది. అది తెలుగును చేతులతో అభినయించడం కాదు. అటువంటివారికి పరుగులు తీసే క్యాప్షన్లు ఒక్కటే పెట్టి పని అయిపోయిందనుకోవడం పొరపాటు. కొంత వయసు వచ్చాక వినికిడి పోయినవారికైతే క్యాప్షన్లే ప్రాణం. ‘వినపడని విద్యార్థి’ అని ఇద్దరినీ ఒకే గాటన కట్టకూడదు.

క్యాప్షన్లను యంత్రం రాసిపెడుతుంది కదా అని వదిలేయకండి. అధ్యాపకులు తెలుగులో మొదలుపెట్టి మధ్యలో ఇంగ్లీషు పదాలు కలుపుతూ చెబుతారు కాబట్టి యంత్రం తడబడుతుంది. ‘తరుగుదల’ కాస్తా ‘తిరుగుదల’ అయిన క్యాప్షన్ ఒకటి నేను చూశాను. అకౌంట్సు చదివేవాడికి ఆ ఒక్క అక్షరంతో లెక్క అంతా తలకిందులవుతుంది. యంత్రం రాసినదాన్ని ముసాయిదాగా తీసుకుని, ఆ సబ్జెక్టు చదివిన పీజీ విద్యార్థి చేత దిద్దించండి. గంట వీడియోను మొదటి నుంచి టైపు చేయాలంటే నాకు దాదాపు ఒక రోజు పట్టేది. దిద్దడమైతే రెండు మూడు గంటల్లో ముగుస్తుంది. కొత్త వీడియోలకు ఇంకా తేలిక మార్గం ఉంది: అధ్యాపకుడు ముందుగా రాసుకున్న పాఠాన్నే చదివితే ఆ ప్రతే క్యాప్షన్‌కు ఆధారమవుతుంది.

చిత్రీకరించేటప్పుడు ముఖం మీద వెలుగు పడేలా కూర్చోమనండి, బోర్డు వైపు తిరిగినప్పుడు మాట్లాడవద్దని చెప్పండి. దుబాసీని పెట్టగలిగితే వీడియో మూలన గోళీకాయంత పెట్టెలో ఇరికించకండి. చేతివేళ్లూ ముఖకవళికలూ రెండూ స్పష్టంగా కనిపించాలి, ఎందుకంటే సంజ్ఞా భాషలో ప్రశ్న చాలావరకు కనుబొమల్లోనే ఉంటుంది. ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం వారి నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉంది. వాణిజ్యశాస్త్రం మాటలకు సంజ్ఞలు కావలసినప్పుడు నేను మొదట వెతికేది అక్కడే.

కోర్టుమెట్లు

నేను న్యాయవాదిని. ‘ముగ్గురి కోసం ఇంత పనా’ అన్న ప్రశ్నకు చట్టం ఇచ్చే జవాబు రాస్తాను. మీ సహోద్యోగులకు నచ్చకపోవచ్చు, మీ ఫైలుకు మాత్రం పనికొస్తుంది.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 లోని 42వ సెక్షన్ శ్రవణ, ముద్రణ, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం వారికి అందుబాటులో ఉండేలా చూడాలని చెబుతూ, క్యాప్షన్లు, సంజ్ఞా భాష, శ్రవణ వివరణ అనే మూడింటినీ ప్రస్తావించింది. 17వ సెక్షన్ పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ (విద్యార్థి చెబుతుంటే జవాబులు రాసే వ్యక్తి) వంటి మార్పులు చేయాలంటుంది. ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలని 32వ సెక్షన్ చెబుతోంది. సీటు ఇచ్చి పాఠం ఇవ్వకపోతే ఆ రిజర్వేషన్‌కు అర్థమేమిటని మీ పాలకమండలిలో ఎవరైనా అడిగితే బాగుండును.

ఈ చట్టం కింద 2017లో చేసిన నియమాల్లోని 15వ నియమం వెబ్‌సైట్లు ప్రభుత్వ మార్గదర్శకాలకు తగినట్టు ఉండాలని, వాటిలో పెట్టే పత్రాలు ఈపబ్ అనే ఈ-పుస్తక రూపంలో గానీ, అక్షరాలను గుర్తించగలిగే పీడీఎఫ్ రూపంలో గానీ ఉండాలని చెప్పింది. మీ స్కాన్ ప్రతులు ఆనాటికే నియమవిరుద్ధమన్న మాట. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో ఆ నియమంలోని మొదటి భాగాన్ని చట్టవిరుద్ధమని కొట్టివేసింది. ఆ వార్తను తలకిందులుగా అర్థం చేసుకుని ‘ఇక నియమం లేదు కదా’ అన్నవారు నాకు తారసపడ్డారు. కోర్టు దాన్ని కొట్టివేసింది అది కఠినంగా ఉందని కాదు, సలహాల మూటగా మిగిలిపోయిందని. తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను మూడు నెలల్లో విడిగా రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో పరిస్థితిని అధ్యయనం చేసి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రమే. ఆ తరువాత 2025 ఏప్రిల్ 30న, బ్యాంకులు ఖాతాదారుల గుర్తింపును ఆన్‌లైన్‌లో సరిచూసే ఈ-కేవైసీ విషయమై వచ్చిన ప్రజ్ఞా ప్రసూన్ కేసులో, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని అదే కోర్టు చెప్పింది.

ఇక ఆ బయటి సంస్థతో ఒప్పందం. దాన్ని పునరుద్ధరించే సమయానికి భారత ప్రమాణం ఐఎస్ 17802ను టెండరు షరతుల్లో చేర్చండి. సమాచార సాంకేతిక ఉత్పత్తులూ సేవలూ దివ్యాంగులకు అందుబాటులో ఉండటానికి భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ప్రమాణం అది. చివరి వాయిదా సొమ్మును, స్క్రీన్ రీడర్ వాడే విద్యార్థి ఒకరు, కీబోర్డు మాత్రమే వాడే విద్యార్థి ఒకరు లాగిన్ నుంచి సమర్పణ వరకు స్వయంగా చేసి చూపిన తరువాతే విడుదల చేయాలని రాయించండి. ఆ ఒక్క షరతు చేసే పని నలభై పేజీల నోటీసులు చేయవు.

పుస్తకాలను స్కాన్ చేసి మార్చితే కాపీరైట్ సమస్య వస్తుందని కొందరు వెనకాడతారు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, 52వ సెక్షన్‌లో ఇందుకు మినహాయింపు ఇచ్చారు. లాభాపేక్ష లేకుండా, దివ్యాంగుల చదువు కోసం అందుబాటు రూపంలోకి మార్చి వారికి ఇవ్వవచ్చు. ఆ ప్రతి బయట అందరికీ తిరగకుండా జాగ్రత్త పడితే చాలు.

సదరం సర్టిఫికెట్‌లో శాతం తక్కువ ఉందని ఎవరినీ తిప్పి పంపకండి. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో, 40 శాతం వైకల్యం అన్న హద్దును చేరకపోయినా స్క్రైబ్ సదుపాయం ఇవ్వవచ్చునని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

డల్లాస్_తెలుగు

నేను ఇక్కడ ఒక విశ్వవిద్యాలయంలో ఆన్‌లైన్ కోర్సుల రూపకల్పన విభాగంలో పనిచేస్తున్నాను. అమెరికాలో కూడా ఇదేమీ సాఫీగా జరగలేదు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఉచితంగా పెట్టిన వీడియోలకు సరైన క్యాప్షన్లు లేవని బధిరుల ఫిర్యాదు మీద న్యాయశాఖ 2016లో తేల్చితే, ఆ విశ్వవిద్యాలయం 2017 మార్చిలో ఇరవై వేలకు పైగా పాఠాలను ప్రజలకు కనపడకుండా తొలగించింది. బాగుచేయమంటే మూసేశారు. దాంతో ‘మీ వల్లే అందరికీ పాఠాలు పోయాయి’ అన్న నింద వికలాంగుల మీద పడింది. చివరికి 2022లో న్యాయశాఖతో రాజీ కుదుర్చుకుని బాగుచేస్తామని ఒప్పుకోవలసి వచ్చింది. మీ దగ్గర కూడా ‘అయితే పాత పాఠాలన్నీ తీసేద్దాం’ అనేవారు తప్పక ఉంటారు. వారికి ఈ కథ చెప్పండి.

మా విభాగంలో మేము పాటించే వరుస ఇది. ఈ సెమిస్టర్‌లో దివ్యాంగ విద్యార్థులు చేరిన కోర్సులను తరగతులు మొదలుకాకముందే బాగుచేస్తాం. కొత్తగా ఎక్కించేది ఏదైనా బాగున్న తరువాతే ఎక్కిస్తాం. మిగిలిన పాతదాన్ని ఎవరైనా అడిగినప్పుడు, లేదా ఆ పాఠాన్ని ఎలాగూ సవరిస్తున్నప్పుడు ముట్టుకుంటాం. ఎనిమిదేళ్ల గుట్టను ఒకేసారి తవ్వబోతే మీ ఇద్దరు సహాయకులూ నెల తిరగకుండా సెలవు పెడతారు.

ఒక చిన్న చిట్కా: వర్డ్‌లో శీర్షికలను ‘హెడింగ్’ శైలితో పెట్టి, పీడీఎఫ్ చేసేటప్పుడు ప్రింట్ మార్గంలో కాకుండా ‘సేవ్ యాజ్’ మార్గంలో చేయమని అధ్యాపకులకు నేర్పండి. ప్రింట్ మార్గంలో వెళితే ఆ శీర్షికల గుర్తులన్నీ పోతాయి. నేను చేసిన శిక్షణల్లో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చినది ఈ పదిహేను నిమిషాల పాఠమే.

తెలుగుశాఖ_మేడమ్

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. పది రోజుల్లో జరిగినది చెబుతాను.

బటన్ ప్రతిపాదనను వెనక్కి పంపాను. కోర్టుమెట్లు గారి పేరాలను దాదాపు యథాతథంగా నోట్‌ఫైలులో పెట్టాను. చివరి వాయిదా షరతు చూసి అకౌంట్స్ విభాగం వారు నాకంటే ఎక్కువ ఉత్సాహపడ్డారు. మౌస్ తీగ పీకి చూశాను. నాలుగో ట్యాబ్ దగ్గరే ఎక్కడ ఉన్నానో తెలియకుండా పోయింది. మూడుల్ సొంత థీమ్‌లో ఆ గీత చక్కగా కనిపిస్తోంది. ఆ అబ్బాయికి నమూనా క్విజ్ పెడితే యాభై ఎనిమిది నిమిషాలు పట్టింది. గంట ఇచ్చాము. పదిహేనుకు పదమూడు వచ్చాయి. ఎంకామ్ విద్యార్థి తనకు క్యాప్షన్లు ఇంగ్లీషులో కావాలని చెప్పాడు; మేము అందరం తెలుగులోనే పెట్టాలని అనుకున్నాము. అడగకపోతే తెలిసేది కాదు.

నా ఛందస్సు పాఠాన్ని ఎన్‌వీడీఏతో నేనే విన్నాను. అది అను ఫాంట్లలో చేసినదే. ఒక్క నిమిషం కూడా వినలేక ఆపేశాను. ఆ అమ్మాయి దాన్ని మూడు సార్లు మొదటి నుంచి చివరి దాకా విన్నదట, ఎక్కడైనా ఒక తెలుగు మాట దొరుకుతుందేమోనని. ఇప్పుడు యూనికోడ్‌లో మళ్లీ టైపు చేస్తున్నాను. స్కాన్ ప్రతులను ఓసీఆర్‌లో (బొమ్మలోని అక్షరాలను గుర్తించి టెక్స్ట్‌గా మార్చే సాధనం) పెడితే అచ్చు పేజీలు ఫరవాలేదు, వత్తుల దగ్గర మాత్రం తప్పులు దొర్లుతున్నాయి. వాటిని దిద్దడానికి ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు ముందుకొచ్చారు. చేతిరాత నోట్సును మాత్రం ఓసీఆర్ గుర్తించలేకపోతోంది, మళ్లీ టైపు చేయవలసిందే.

తెల్లకర్ర గారికి ఒక్క సందేహం. గణాలను మాటల్లో రాస్తున్నాను సరే, యతిస్థానాన్ని ఎలా చూపించాలి? పుస్తకంలో అక్షరం కింద గీత గీస్తాం కదా.

తెల్లకర్ర

కింద గీతను స్క్రీన్ రీడర్ సాధారణంగా పలకదు, రంగును అసలే పలకదు. పాదాన్ని గణాలుగా విడగొట్టిన తరువాత వేరే వరుసలో ‘యతి: 1వ అక్షరం ఇది, 10వ అక్షరం ఇది’ అని ఆ రెండు అక్షరాలనూ రాయండి. గీత కూడా ఉంచండి, చూసేవారికి అది కావాలి. ఒకటి మాత్రం జాగ్రత్త: పద్యపాదాన్ని అక్షరం అక్షరంగా ఖాళీలు పెట్టి టైపు చేయకండి. అలా చేస్తే స్క్రీన్ రీడర్ దాన్ని మాటలుగా పలకదు, పద్యం నడక వినిపించదు. ముందు పాదాన్ని మామూలుగా ఒకసారి రాసి, ఆ కింద విభజన పెట్టండి. పూర్తయ్యాక లింకు ఇక్కడ పెడితే నేను కూడా ఒకసారి విని, ఎక్కడైనా తడబడితే చెబుతాను.